కొరియన్ చికెన్ వింగ్స్ బాగా చేసే చోటును గుర్తించడం ఎలా?

ఎర్రటి సాస్ పట్టించి పైన నువ్వులు చల్లితే ఏ కోడి రెక్క అయినా ఫొటోలో కొరియన్ వింగ్ లాగానే కనిపిస్తుంది. అందువల్ల దగ్గరలో మంచి చోటు వెతుక్కునేవారికి ఫొటోలూ ప్రకటనలూ పెద్దగా ఉపయోగపడవు. చూడవలసినది సాస్ కింద ఉన్న పైపూతను. సాస్ పట్టించి పావుగంట గడిచిన తరువాత కూడా ఆ పూత కరకరలాడుతున్నదంటే అక్కడ పని తెలిసినవారు ఉన్నారని నమ్మవచ్చు. రుచిలో ఎవరి ఇష్టం వారిదే గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం రాజీ పడనక్కరలేదని నా అభిప్రాయం.

ఆ కరకర ఊరికే రాదు. కొరియన్ పద్ధతిలో పిండి పూత పలుచగా ఉంటుంది, అందులో చాలామంది మైదాతో పాటు బంగాళదుంప పిండి గానీ మొక్కజొన్న పిండి గానీ కలుపుతారు. మైదాకు సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ అనే ప్రోటీన్ ఈ రెండు పిండులలో ఉండదు కనుక పూత సాగకుండా పెళుసుగా తయారవుతుంది. ముక్కలను మొదట సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉడికేవరకు వేయించి, బయటకు తీసి కొద్దిసేపు ఆరనిస్తారు. ఆ విరామంలో లోపలి తేమ పైకి చేరుతుంది, రెండవసారి 180 డిగ్రీలకు పైబడిన నూనెలో వేసినప్పుడు ఆ తేమ ఆవిరైపోయి పూత గట్టిపడుతుంది. రెక్కకు మాంసం తక్కువ, చర్మం ఎక్కువ. చర్మం కింది కొవ్వు కరిగి బయటకు పోవడానికి కూడా ఈ రెండు విడతల వేపుడు తోడ్పడుతుంది.

కాబట్టి మొదటిసారి వెళ్ళినప్పుడు సాస్ వింగ్స్ మాత్రమే తెప్పించుకోవద్దు. కొరియాలో సగం సాదా వేపుడు, సగం సాస్ పట్టించినది ఒకే పళ్ళెంలో అడగడం చాలా మామూలు, దానిని బన్‌బన్ అంటారు. మీరు వెళ్ళిన చోట ఆ పేరు తెలియకపోయినా, సగం సాదాగా ఇవ్వగలరా అని అడగండి. ముందుగా సాదా ముక్కలలో రెండు ఎముకలున్న చదునైన భాగాన్ని తీసుకుని మధ్యకు విరవండి. పూత చర్మాన్ని అంటిపెట్టుకుని దానితో పాటే విరగాలి, చర్మం కింద తెల్లని కొవ్వు పొర మిగలకూడదు, వేళ్ళకు నూనె కొద్దిగా అంటవచ్చు గానీ కారకూడదు. పూత పెచ్చులా ఊడి వచ్చి కింద మెత్తని చర్మం కనబడితే, ఆ పైన ఎంత మంచి సాస్ పోసినా ప్రయోజనం లేదు. ఎముక పక్కన కాస్త గులాబీ రంగు కనిపించినంత మాత్రాన పచ్చిగా ఉన్నదని తీర్మానించవద్దు, లేత కోళ్ళ ఎముక మజ్జ నుండి కూడా ఆ రంగు దిగుతుంది. మాంసం లోపలి వేడి 74 డిగ్రీలకు చేరిందా అన్నదే అసలు ప్రమాణం, అది వంటగదిలో థర్మామీటరుతో తేలవలసిన విషయం.

సాస్‌లలో ప్రధానంగా రెండింటిని పరీక్షించాలి. గోచుజాంగ్ అనే పులియబెట్టిన మిరప ముద్ద, వెల్లుల్లి, తీపి పాకం కలిసిన యాంగ్న్యమ్ ఒకటి. దీనిని దేగు నగరంలో యూన్ జోంగ్గే అనే చికెన్ దుకాణదారు రూపొందించారని కొరియాలో ఎక్కువమంది చెబుతారు. రెండవది సోయా, వెల్లుల్లి సాస్. 1991లో గుమి నగరంలో మొదలైన క్యోచోన్ సంస్థకు దీనితోనే పేరు వచ్చింది, అక్కడ సాస్‌ను ముక్క ముక్కకూ కుంచెతో పూస్తారు. కుంచెతో పూసినా, గిన్నెలో వేసి కలిపినా పళ్ళెం అడుగున సాస్ మడుగు కట్టకూడదు. యాంగ్న్యమ్‌లో తీపి, కారం వెనుక పులియబెట్టిన మిరప రుచి తెలియాలి. టొమాటో కెచప్, పంచదార రుచి మాత్రమే తగిలితే పొదుపు కోసం గోచుజాంగ్ తగ్గించారని అనుకోవచ్చు. సోయా సాస్ వింగ్స్ విషయంలో నేను ఇంకా కఠినంగా ఉంటాను, ఎందుకంటే అందులో లోపాన్ని కప్పే కారం ఉండదు. మాడిన వెల్లుల్లి చేదు, పాత నూనె వాసన వెంటనే బయటపడతాయి.

ఆర్డర్ ఇచ్చిన కొద్ది నిమిషాలకే పళ్ళెం వచ్చిందని అనుమానించనక్కరలేదు, మొదటి విడత వేపుడు ముందే చేసి పెట్టుకోవడం చాలాచోట్ల ఉన్నదే. రెండవ విడత, సాస్ పట్టించడం మాత్రం ఆర్డర్ తరువాతే జరగాలి. ఈ సంగతి అడిగితే మంచి చోట సంతోషంగా చెబుతారు. పక్కన ఘనాలుగా తరిగి వెనిగర్, పంచదార నీళ్ళలో ఊరవేసిన తెల్ల ముల్లంగి ఇస్తున్నారేమో కూడా గమనించండి. వేపుడు జిడ్డును అది కడిగేస్తుంది, కొరియాలో చికెన్‌తో పాటు అది మామూలుగా వస్తుంది.

పార్సిల్ రుచి చూసి ఏ చోటునూ కొట్టిపారేయవద్దు. మూసిన డబ్బాలో ఆవిరి చేరి ఎంత మంచి పూతనైనా మెత్తబరుస్తుంది. ఇంటికే తెచ్చుకోవలసి వస్తే సాస్ విడిగా ఇమ్మని, డబ్బా మూత కొద్దిగా తెరిచి ఉంచమని చెప్పండి.

రద్దీ లేని మధ్యాహ్నం వేళ నచ్చిన చోటుకు, జనం కిక్కిరిసిన సాయంత్రం మరొకసారి వెళ్ళి అదే పళ్ళెం తెప్పించుకోండి. ఒకేసారి ఎక్కువ ముక్కలు వేస్తే నూనె వేడి పడిపోతుంది, వేడి పడిపోతే పూత నూనె పీల్చుకుంటుంది. ఆ ఒత్తిడిలోనూ చదునైన రెక్క అదే విధంగా విరిగితే ఆ చోటు పేరు స్నేహితులకు నిస్సంకోచంగా చెప్పవచ్చు.