పిల్లల రాతలో యాస కనిపిస్తే ఎలా దిద్దాలి?

కరీంనగర్ వైపు పల్లెలో ఐదో తరగతి చదివే పాప ‘మా అమమ్మ నిన్న ఊర్లకెల్లి అచ్చింది’ అని రాసి, నోటుపుస్తకం మీ బల్ల మీద పెట్టిందనుకోండి. చివరి రెండు మాటలూ కొట్టివేస్తే, ఆ అమ్మమ్మ మాట్లాడే తెలుగే తప్పని పాపకు చెప్పినట్లవుతుంది. వదిలేస్తే, రేపు పదో తరగతి పరీక్షలో ముక్కూమొహం తెలియనివారు మార్కులు కోస్తారు. తెలుగు ఉపాధ్యాయులకు ఇంత తరచుగా ఎదురయ్యే ధర్మసంకటం మరొకటి లేదని నా అభిప్రాయం.

ముందుగా కలం పట్టకుండా ఒకసారి చదవండి. ‘ఊర్లకెల్లి’ అంటే ఊరికి వెళ్ళి అని కాదు, ఊరి నుండి అని; వేరే ప్రాంతం నుంచి వచ్చిన ఉపాధ్యాయులు ఇక్కడే పొరబడతారు. ఆ వాక్యంలో నిజమైన తప్పు ఒక్కటే, ‘అమమ్మ’లో జారిపోయిన ఒత్తు. ఎర్ర సిరా దానికి మాత్రమే వాడండి.

యాస మాటల కింద పెన్సిలుతో సన్నని గీత గీసి, అంచున ‘ఊరి నుండి’, ‘వచ్చింది’ అని రాసి, ఇంట్లో అలా అంటాం, పరీక్షలో ఇలా రాస్తాం, రెండూ తెలుగే అని పాపను దగ్గరకు పిలిచి చెప్పండి. ఎందుకని అడిగితే నిజం దాచవద్దు. గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) వంటివారి పోరాటంతో వాడుక భాష బడిలోకి వచ్చినా, ప్రామాణికంగా స్థిరపడింది ప్రధానంగా కృష్ణా, గోదావరి ప్రాంతాల చదువుకున్నవారి వాడుకే. శ్రీకాకుళం పిల్లవాడికీ, అనంతపురం పిల్లకూ ఇదే చిక్కు.

మార్కుల నియమం రాయించే ముందే ప్రకటించాలి. లేఖ, వ్యాసం, దరఖాస్తు ప్రామాణిక భాషలో ఉండాలి. కథలో, సంభాషణలో, సొంత అనుభవంలో ఇంటి మాటకు మార్కు తగ్గించకూడదు. జాలితో అన్నీ వదిలేయడమూ పిల్లలకు అన్యాయమే, ఎందుకంటే ఆ పరీక్ష వారిని వదలదు.

పాప చదువుతుండగా ఎవరైనా నవ్వితే పాఠం అక్కడే ఆపండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. ఉపాధ్యాయుడే యాసను వెక్కిరిస్తే అది వేధింపేనని నేను నమ్ముతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడి పేజీనంతా నేను ఎర్రగా చేశాను. ఆ ఏడాది వాడు వాచకంలోని వాక్యాలు తప్ప సొంతంగా ఒక్కటీ రాయలేదు.

పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు పేజీ అడుగున ‘అమ్మమ్మ నీకోసం ఏం తెచ్చింది?’ అని రాయండి. జవాబు ఏ మాటల్లో వచ్చినా, ఆ రోజు పెన్సిలు కూడా పట్టవద్దు.