తోటలో బొమ్మలు - 4వ పాఠం: మళ్లీ కొలతే

ఈసారి నీడల దగ్గరికి పోవాల్సింది. పోయిన పాఠం తర్వాత వచ్చిన బత్తాయి చెట్ల బొమ్మలు చూశాక ఆగాను. కొలత తప్పిన చెట్టుకు నీడ వేస్తే ఆ తప్పు ఇంకా ముదురుతుంది.

దాదాపు అన్నింట్లోనూ ఒకటే లోపం: మొదలు (కొమ్మల కింది కాండం) పొడుగు, గుబురు (కొమ్మలూ ఆకులూ ఉన్న పైభాగం) చిన్నది. నల్లగొండ వైపు బత్తాయి తోటల్లో అట్లాంటి చెట్టు దొరకదు. కింది కొమ్మలు కత్తిరించి మొదలును మోకాలెత్తున వదులుతారు, ఆపైన అంతా గుబురే. 4 మీటర్ల చెట్టుకు కనబడే మొదలు అర మీటరు, అంటే ఎనిమిదో వంతు. మీ బొమ్మల్లో అది మూడో వంతు ఉంది. చిన్నప్పుడు బడిలో వేసిన మామిడిచెట్టు ఇంకా మీ చేతిలోనే ఉంది.

అలవాటు ఒక్కటే కారణం కాదు, మోచేయి కూడా. చెయ్యి చాపి పెన్సిల్‌ను నిటారుగా పట్టుకుని, దాని కొసను కొలిచే భాగం పై అంచుకు కలిపి, కింది అంచు దగ్గర గోరుతో గుర్తు పెట్టి కొలుస్తాం. ఆ చెయ్యి వంగకూడదు. దీని గురించి పోయినసారి ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను, అది సరిపోలేదు. చెట్టుకు 15 మీటర్ల దూరంలో, అంటే సుమారు ఇరవై అంగల అవతల నిలబడ్డారనుకోండి. చెయ్యి పూర్తిగా చాపితే పెన్సిల్ కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అప్పుడు మొదలు పెన్సిల్ మీద 2 సెంటీమీటర్లు, గుబురు 14. ఒకటికి ఏడు. ఇప్పుడు మొదలు కొలిచారు, చెయ్యి గుంజింది, గోరు ఎక్కడుందో చూసుకోవడానికి పెన్సిల్‌ను కొంచెం దగ్గరికి తెచ్చారు. మోచేయి వంగి దూరం 40 అయింది. అదే గుబురు ఇప్పుడు 9 సెంటీమీటర్ల చిల్లర. ఏడింతలు ఉండాల్సింది ఐదింతలు కూడా లేదు. చెట్టు కదల్లేదు, మీరూ కదల్లేదు, గుబురు మాత్రం మూడో వంతు కరిగిపోయింది.

చెయ్యి చాపే ఉంచాలని గుర్తుపెట్టుకోవడం కష్టం. పురికొస వాడండి. పెన్సిల్ నడుమ ఒక కొస కట్టి, రెండో కొసకు ముడివేసి పళ్ల మధ్య పట్టుకోండి. దారం బిగుతుగా ఉన్నంతసేపు దూరం మారదు. నాకు ఇదే నచ్చుతుంది, చేతిని నమ్మాల్సిన పని లేదు. ఒక కన్ను మూయండి, ప్రతిసారీ అదే కన్ను.

ఆ 2, 14 అంకెలను కాగితం మీదికి దింపొద్దు. మనకు కావలసింది వంతులే. ఏ4 కాగితం మీద చెట్టు 20 సెంటీమీటర్లు రావాలంటే మొదలు రెండున్నర. పెన్సిల్ అడ్డంగా తిప్పి వెడల్పు కూడా కొలిచి, లేత గీతలతో ముందు చెట్టు పట్టే డబ్బా గీయండి. గుబురు దాటి నిటారుగా లేచిన నీరుకొమ్మలను డబ్బాలో కలపొద్దు, చివర్లో వేసుకోవచ్చు.

చెట్టు మొత్తం సన్నగా సాగిపోయినవాళ్ల తప్పు వేరు. వాళ్లు పరీక్ష ప్యాడ్‌ను ఒళ్లో పడుకోబెట్టి గీశారు. ఏటవాలుగా చూస్తే కాగితం కురచగా కనబడుతుంది, చెయ్యి దానికి తగ్గట్టు పొడుగు గీస్తుంది. ప్యాడ్ లేపి పట్టుకోండి, అంతే.

మొదలు మీద నేల నుంచి జానెడు ఎత్తున అంటు కట్టిన చోటు చూడండి. నిమ్మ జాతి వేరుమొక్క మీద సాత్‌గుడి అనే బత్తాయి రకం కన్ను (మొగ్గ) అంటిస్తారు కాబట్టి చాలా చెట్లకు అక్కడ పైదీ కిందిదీ లావు కలవదు, బెరడూ వేరుగా ఉంటుంది. ఆ మెట్టు వేస్తే చాలు, చూసినవాళ్లు తోట చెట్టని గుర్తుపడతారు.

బాలానగర్ వైపు వాళ్లకు సీతాఫలం చెట్టే దొరుకుతుంది. దానికి నేల దగ్గరే నాలుగైదు కొమ్మలు చీలుతాయి, మొదలును కొలతగా తీసుకోలేరు. గుబురు వెడల్పునే కొలతగా పెట్టుకోండి. పాలమూరు పిల్లలమర్రికి, అంటే ఆ పెద్ద మర్రిచెట్టుకు మాత్రం ఇప్పుడే పోవద్దు. అక్కడ ప్రతి ఊడా ఒక మొదలే, ఏది కొలతో తేలదు.

అభ్యాసం: పన్నెండు చెట్లు కొలవండి, బొమ్మ వేయొద్దు. గెట్టు మీది నుంచి అంచు చెట్లు తీసుకుంటే అడ్డం ఉండదు. మొదలు, గుబురు, వెడల్పు వంతులు మాత్రమే రాయండి. తర్వాత వాటిలో ఒకదాన్ని పొద్దున 7కు, సాయంత్రం 5కు ఒకే చోట కూర్చుని హెచ్‌బీ పెన్సిల్‌తో ఇరవై నిమిషాలు గీయండి. కూర్చున్న చోట రాయి పెట్టి గుర్తు చేసుకోండి. రెండు బొమ్మల డబ్బాలు కలవకపోతే నీడల పాఠానికి రావొద్దు, ఇంకో చెట్టు కొలవండి.