ఫోటోషాప్‌లో ఫోటో వెడల్పు పెంచినా మనుషులు సాగకుండా: నా అనుభవం

పెళ్లి ఫోటోని ఫ్లెక్సీ సైజుకి అడ్డంగా లాగితే వధూవరుల ముఖాలు గుమ్మడికాయల్లా అయ్యాయి. క్రాప్ చేస్తే తలలు తెగాయి, ఉత్త కంటెంట్ అవేర్ స్కేల్‌తో (ముఖ్యమైన భాగాలను వీలైనంత కదపకుండా మిగతాది సాగదీసే టూల్) చేతులు వంకరపోయాయి.

చివరికి పనిచేసింది ఇదీ: బ్యాక్‌గ్రౌండ్ లేయర్ లాక్ తీసి, ముందు క్యాన్వాస్ (ఫోటో ఉండే పని స్థలం) వెడల్పు పెంచాను. ఇద్దరినీ, పట్టుచీర అంచుతో సహా, కాస్త వదులుగానే సెలెక్ట్ చేసి, సెలెక్ట్ మెనూలోని సేవ్ సెలెక్షన్‌తో ‘జంట’ అని పేరిచ్చి దాచాను. తర్వాత డీసెలెక్ట్. ఇది చేయకపోతే సెలెక్ట్ చేసిన భాగమే సాగుతుంది! అప్పుడు ఎడిట్‌లో కంటెంట్ అవేర్ స్కేల్ తెరిచి, పైన ప్రొటెక్ట్ దగ్గర ‘జంట’ ఎంచుకుని, వెడల్పు, ఎత్తు కలిసి మారేలా చేసే లింక్ గుర్తు ఆపి, మెల్లగా పక్కకి లాగాను. సాగింది వెనకున్న పూల తెర ఒక్కటే.

నా ఫోటోలో వెనక అంతా పూలే కాబట్టి కుదిరిందేమో. స్తంభాలో గళ్ల గోడో ఉంటే వంకర తేలొచ్చు. ఫోటో లేయర్ స్మార్ట్ ఆబ్జెక్ట్ (అసలు ఫోటోని చెక్కుచెదరకుండా లోపల దాచుకునే లేయర్) అయితే ముందు రాస్టరైజ్ చేయాలి, అంటే మామూలు లేయర్‌గా మార్చాలి.