చిన్న కుక్కను రైల్లో తీసుకెళ్లాలంటే: ఫస్ట్ ఏసీ కూపేకి దరఖాస్తు ఎలా పెట్టాలి

మా కుక్క పేరు చిట్టి. దాని తల్లి బొచ్చుకుక్క, తండ్రి మా వీధిలో తిరిగే కుక్క. చిట్టి బరువు 7 కిలోలు, ఒళ్లో ఇమిడిపోతుంది. అందుకే చాలామంది "ఇంత చిన్నదానికి టికెట్ ఎందుకు, బ్యాగులో పెట్టి తీసుకెళ్లిపో" అంటారు. దయచేసి ఆ పని చేయకండి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్, చైర్ కార్ వేటిలోనూ కుక్కను తీసుకెళ్లనివ్వరు, టికెట్ లేకుండా దొరికితే లగేజీ రేటుకు ఆరు రెట్లు కట్టించుకుంటారు. డబ్బు సంగతి అలా ఉంచండి, జిప్పు వేసిన బ్యాగులో రాత్రంతా ఊపిరాడక అది పడే బాధ ఎవరికి తెలుస్తుంది?

దారి ఉన్నది ఫస్ట్ ఏసీలో. అది కూడా రెండు బెర్తుల కూపే (తలుపు ఉండే చిన్న గది) గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ పేరు మీదే ఉండాలి. ఇద్దరు వెళ్తుంటే ఒకే పీఎన్‌ఆర్‌లో రెండు టికెట్లు తీయండి. ఒక్కరే అయినా కూపేలో రెండో బెర్తుకీ డబ్బు కట్టాల్సిందే. బుక్ చేసే ముందు ఆ రైలుకి ఫస్ట్ ఏసీ ఉందో లేదో చూసుకోండి, గరీబ్ రథ్, వందే భారత్ చైర్ కార్ రైళ్లలో ఉండదు. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లేవాళ్లకు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఉంటుంది, సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి దిగిపోతాం, కుక్కకీ అదే సుఖం.

టికెట్ తీసినంత మాత్రాన కూపే వచ్చేసినట్టు కాదు, ఏ బెర్తు అన్నది చార్టు తయారయ్యాకే తెలుస్తుంది. అందుకే రైలు బయల్దేరే రైల్వే డివిజన్ కమర్షియల్ విభాగానికి ముందే ఒక అర్జీ పెట్టాలి. అందులో పెద్ద కథ అక్కర్లేదు: రైలు నంబరు, తేదీ, పీఎన్‌ఆర్, ప్రయాణికుల పేర్లు, ఫోన్ నంబరు, "పెంపుడు కుక్కతో ప్రయాణిస్తున్నాం, కూపే కేటాయించగలరు" అన్న ఒక్క వాక్యం. టికెట్, ఆధార్, టీకా కార్డు జిరాక్సులు జత చేసి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకుని దాచుకోండి.

ఇక డాక్టరు సర్టిఫికెట్. మొదటిసారి నేను టీకా కార్డు ఒక్కటే పట్టుకెళ్లాను, పార్శిల్ కౌంటర్లో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేదని వెనక్కి పంపేశారు, రైలుకి గంటన్నర ఉంది, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. ప్రయాణానికి ముందు రోజు దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్లి రాయించుకోండి. జాతి, రంగు, ఆడా మగా, వయసు అన్నీ అందులో ఉండాలి. మనలాంటివాళ్లు తడబడేది జాతి దగ్గరే. చూడ్డానికి పొమెరేనియన్‌లా ఉందని అలా రాయించకండి, "క్రాస్" అనే రాయించండి, టీకా కార్డులో కూడా అదే మాట ఉండాలి. రేబిస్ టీకాకి ఏడాది దాటిపోతే ముందు అది వేయించాలి, ఈ పని మాత్రం ప్రయాణానికి నెల ముందే చూసుకోండి.

ప్రయాణం రోజు కనీసం రెండు మూడు గంటల ముందే కుక్కను వెంటబెట్టుకుని స్టేషన్ పార్శిల్ ఆఫీసుకు వెళ్లాలి, ఆన్‌లైన్‌లో ఈ బుకింగ్ లేదు. కన్ఫర్మ్ అయిన టికెట్, సర్టిఫికెట్, టీకా కార్డు చూపిస్తే లగేజీ టికెట్ రాసిస్తారు. కుక్క 7 కిలోలున్నా 40 కిలోలున్నా ఫస్ట్ ఏసీలో 60 కిలోల లగేజీ లెక్కే, దూరాన్ని బట్టి డబ్బు.

కూపే రాకపోతే గార్డు ఉండే బోగీలో డాగ్ బాక్స్ (కుక్కలను ఉంచే బోను) ఉంటుంది, 30 కిలోల లెక్కన తక్కువలో అయిపోతుంది. కానీ ఒత్తుగా బొచ్చున్న చిన్న కుక్కను, అందులోనూ ఎండాకాలంలో, ఆ ఇనప పెట్టెలో వదిలేయడం నావల్ల కాదు, మీరూ వద్దు. మనిషి అలికిడి లేకపోతే భయంతోనే సగం నీరసపడిపోతాయి. అలాంటప్పుడు తేదీ మార్చుకోవడమే మేలు.

బయల్దేరడానికి నాలుగైదు గంటల ముందే కొంచెం పెరుగన్నం పెట్టేయండి, ఉల్లిపాయ తగిలిన కూరలు అసలు వద్దు. దాని గిన్నె, అది రోజూ పడుకునే పాత దుప్పటి, కింద పరచడానికి ప్యాడ్లు పెట్టుకోండి. మా చిట్టి ఆ దుప్పటి వాసన తగిలితే గానీ కళ్లు మూయదు. లగేజీ టికెట్ మాత్రం బ్యాగు అడుగున పెట్టకండి, టీటీఈ అడుగుతారు, దిగాక గేటు దగ్గర కూడా అడగొచ్చు.