పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్‌లో ఎర్రర్ వస్తే మన వెనక ఎవరు సర్దుతారు

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి సీ లో ఎక్స్‌టెన్షన్ (సర్వర్ లోపలే నడిచే అదనపు కోడ్) రాయడం మొదలుపెట్టేవాళ్ళు అన్నిటికంటే ముందు బుర్రలో పెట్టుకోవాల్సింది ఏంటంటే, ఇక్కడ ఎర్రర్ అనేది రిటర్న్ వాల్యూ కాదు, గెంతు. ఎర్రర్లు తెలిపే ఈరిపోర్ట్ ని ఎర్రర్ లెవెల్‌తో పిలిచారంటే అది లాంగ్‌జంప్ (మధ్యలో ఉన్న ఫంక్షన్లన్నీ వదిలేసి ఒకేసారి పైకి దూకడం) చేసి పైన ఎక్కడో కాచుకుని ఉన్న హ్యాండ్లర్ దగ్గర తేలుతుంది, మీ ఫంక్షన్‌లో మిగిలిన లైన్లు ఇంక రన్ అవ్వవు, చివర్లో జాగ్రత్తగా రాసుకున్న క్లోజ్ లైన్ కూడా అంతే. పైగా ఎర్రర్ మీరే వేయక్కర్లేదు, మెమరీ చాలకపోతే పాలాక్ (పోస్ట్‌గ్రెస్ సొంత మెమరీ అలకేటర్) వేస్తుంది, యూజర్ క్వెరీ క్యాన్సిల్ కొడితే ఇంటరప్ట్ చెకింగ్ ఉన్న ఏ ఫంక్షన్ అయినా వేస్తుంది. కాబట్టి సర్వర్ కోడ్‌లోకి వెళ్ళే ప్రతి కాల్ దగ్గరా ఇక్కడి నుంచి వెనక్కి రాకపోవచ్చు అనుకునే రాయాలి.

నాకిది దెబ్బ తిన్నాకే అర్థమైంది. ఇంకో సర్వర్‌కి లిబ్‌పీక్యూ (పోస్ట్‌గ్రెస్ క్లయింట్ లైబ్రరీ) కనెక్షన్ తెరిచి డేటా తెచ్చే చిన్న ఫంక్షన్ రాశాను, చివర్లో దాన్ని మూసే పీక్యూఫినిష్ పెట్టాను, టెస్టుల్లో అంతా బాగానే ఉంది. వాడకంలోకి వెళ్ళాక మధ్యలో డేట్ కన్వర్షన్ ఫెయిల్ అయిన ప్రతిసారీ ఒక కనెక్షన్ అలాగే మిగిలిపోయేది, మా పూలర్ (కనెక్షన్లని మళ్ళీ మళ్ళీ వాడుకునే ప్రోగ్రామ్) సెషన్లని రోజుల తరబడి బతికించి ఉంచుతుంది కదా, అవన్నీ పోగుపడి అవతలి సర్వర్ డీఫాల్ట్ 100 కనెక్షన్లూ నిండిపోయాయి. ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయింది కదా అన్నీ క్లీన్ అయిపోయి ఉంటాయి అనుకోవడమే నా తప్పు.

మరి రోల్‌బ్యాక్‌లో ఏవి వాటంతట అవి పోతాయి? పాలాక్‌తో తీసుకున్న మెమరీ, అది ఉన్న మెమరీ కాంటెక్స్ట్‌తో (ఒకేసారి విడిచేసే మెమరీ గుంపు) పాటే పోతుంది. బఫర్ పిన్నులు (పేజీ మెమరీలోంచి పోకుండా పెట్టే గుర్తులు), రిలేషన్ రిఫరెన్సులు, కాష్ ఎంట్రీలు రిసోర్స్ ఓనర్ (పట్టుకున్నవాటి పద్దు రాసే భాగం) ఖాతాలో ఉంటాయి కాబట్టి అది విడిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ ఇచ్చే అలకేట్‌ఫైల్‌తో తెరిచిన ఫైళ్ళూ మూసుకుంటాయి, లైట్‌వెయిట్ లాకులూ అబార్ట్‌లో విడుదలైపోతాయి. పోనివి ఏంటంటే మామూలు మాలాక్, నేరుగా ఎఫ్‌ఓపెన్ చేసిన ఫైలు, సాకెట్లు, బయటి లైబ్రరీ ఇచ్చిన హ్యాండిల్స్, వీటి సంగతి పోస్ట్‌గ్రెస్‌కి తెలియనే తెలియదు. స్పిన్‌లాక్ (దొరికేదాకా తిరుగుతూ ఎదురుచూసే చిన్న తాళం) పట్టుకుని ఉండగా ఎర్రర్ వస్తే దాన్ని విడిపించే నాథుడే లేడు, అందుకే దాని లోపల నాలుగు అసైన్‌మెంట్లు తప్ప ఇంకేం పెట్టొద్దు. క్రిటికల్ సెక్షన్‌లో (మధ్యలో ఆగకూడని కోడ్ భాగం) ఎర్రర్ వస్తే అది పానిక్ అయిపోయి మొత్తం సర్వరే రీస్టార్ట్ అవుతుంది, కావాల్సిన మెమరీ అంతా లోపలికి వెళ్ళకముందే తీసిపెట్టుకోండి.

ఇప్పుడు ఏ కాంటెక్స్ట్ ఎప్పుడు వాడాలి అన్నది. క్వెరీని నడిపే ఎగ్జిక్యూటర్ మీ ఫంక్షన్‌ని మామూలుగా పర్-టుపుల్ కాంటెక్స్ట్‌లో పిలుస్తుంది, అది ఒక్కో రోకీ (టేబుల్ వరసకీ) రీసెట్ అయిపోతుంది, రిజల్ట్ అందులో పెడితే చాలు, పీఫ్రీ (మెమరీ విడిపించే కాల్) కోసం తంటాలు అక్కర్లేదు. కానీ రోల మధ్య నిలవాల్సింది ఏదైనా ఎఫ్ఎన్_ఎక్స్‌ట్రా లో (ఫంక్షన్ తన సొంత పాయింటర్ దాచుకునే చోటు) దాచుకుంటున్నారా, అప్పుడు దాన్ని దాని జత కాంటెక్స్ట్ ఎఫ్ఎన్_ఎంసీఎక్స్‌టీ లోనే అలకేట్ చేయాలి. ఇది మర్చిపోతే మొదటి రో బాగుంటుంది, రెండో రోలో చెత్త పాయింటర్. అసర్షన్లు ఆన్ చేసి బిల్డ్ చేసుకుంటే విడిచేసిన మెమరీ అంతా 7ఎఫ్ బైట్లతో నిండి ఉంటుంది, డీబగ్గర్‌లో 7ఎఫ్7ఎఫ్7ఎఫ్7ఎఫ్ కనిపించిందంటే విడిచేసిన మెమరీని చదువుతున్నట్టే, ముందు తప్పు కాంటెక్స్ట్‌లో పెట్టారేమో చూడండి. టాప్‌మెమరీకాంటెక్స్ట్‌లో పెడితే పని జరుగుతుంది కానీ అది సెషన్ పోయేదాకా పోదు, నా దృష్టిలో అది పరిష్కారం కాదు, లీక్‌ని వాయిదా వేయడం.

ఇక్కడే చాలామంది పడే ఇంకో గొయ్యి ఉంది. ఎక్స్‌ప్ర్‌కాంటెక్స్ట్‌కి (ఎగ్జిక్యూటర్ ఎక్స్‌ప్రెషన్లు లెక్కించేటప్పుడు వాడే స్ట్రక్ట్) షట్‌డౌన్ కాల్‌బ్యాక్ రిజిస్టర్ చేసుకోవచ్చు, పేరు చూస్తే క్లీనప్ దీనికే అనిపిస్తుంది, కానీ క్వెరీ ఎర్రర్‌తో ఆగిపోతే ఆ కాల్‌బ్యాక్‌ని పిలవరు. క్వెరీ మామూలుగా ముగిసినప్పుడో, రీస్కాన్ (మళ్ళీ మొదటి నుంచి నడవడం) అయినప్పుడో మాత్రమే. ఎర్రర్‌లో కూడా నమ్మకంగా పిలిచేది మెమరీ కాంటెక్స్ట్ రీసెట్ కాల్‌బ్యాక్, పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి ఉంది, కాంటెక్స్ట్ రీసెట్ అయినా డిలీట్ అయినా నడుస్తుంది, అబార్ట్‌లో ఎలాగూ కాంటెక్స్ట్ పోతుంది కాబట్టి మన పని అయిపోతుంది.

నా కనెక్షన్ ఫంక్షన్‌ని దీంతోనే బాగుచేశాను, ఇందులో వరస ముఖ్యం. ముందు ఎఫ్ఎన్_ఎంసీఎక్స్‌టీ లో ఒక చిన్న స్ట్రక్ట్ తీసుకుని కనెక్షన్ పాయింటర్‌ని నల్ చేసి, కాల్‌బ్యాక్ రిజిస్టర్ చేసి, ఆ తర్వాతే కనెక్షన్ తెరవండి. ముందు తెరిచి తర్వాత రిజిస్టర్ చేస్తే మధ్యలో పాలాక్ ఫెయిల్ అయ్యే సందు మిగిలిపోతుంది. కాల్‌బ్యాక్ లోపల పాయింటర్ నల్ కాకపోతేనే ఫినిష్ చేయాలి, మీరే ముందుగా మూసేస్తే పాయింటర్‌ని మళ్ళీ నల్ చేయాలి, లేకపోతే రెండుసార్లు మూస్తుంది. కాల్‌బ్యాక్‌లో మాత్రం ఎర్రర్ వేసే పని ఏదీ పెట్టొద్దు, క్లీనప్‌లోనే మళ్ళీ ఎర్రర్లు వచ్చి పేరుకుంటే ఎర్రర్ స్టాక్‌లో ఉన్నవి 5 స్థానాలే, అవి దాటితే పానిక్.

ఎర్రర్‌ని పట్టుకోవడానికి పీజీ_ట్రై, పీజీ_క్యాచ్ మ్యాక్రోలు వాడొచ్చు, వెర్షన్ 13 నుంచి పీజీ_ఫైనల్లీ కూడా ఉంది, ఒకే ఫంక్షన్‌లో తెరిచి అందులోనే మూసేదానికి అది హాయిగా ఉంటుంది. కానీ ట్రై లోపల నుంచి రిటర్న్ గానీ గోటో గానీ చేయొద్దు, ఎక్సెప్షన్ స్టాక్ పాయింటర్ పాత ఫ్రేమ్ దగ్గరే ఉండిపోయి తర్వాతి ఎర్రర్ ఎటో గెంతుతుంది. ట్రైలో మార్చి క్యాచ్‌లో చదివే లోకల్ వేరియబుల్స్‌కి వోలటైల్ పెట్టాలి. క్యాచ్‌లోకి వచ్చేసరికి కరెంట్ కాంటెక్స్ట్ ఎర్రర్‌కాంటెక్స్ట్ అయి ఉంటుంది, ఎర్రర్ డేటా కాపీ చేసుకునే ముందు మీ పాత కాంటెక్స్ట్‌కి మారండి.

క్యాచ్ చేసి రీత్రో చేస్తే గొడవ లేదు. ఎర్రర్‌ని మింగేసి ముందుకు పోవాలంటే మాత్రం సబ్‌ట్రాన్సాక్షన్ (ట్రాన్సాక్షన్ లోపల విడిగా రోల్‌బ్యాక్ చేయగల భాగం) తప్పనిసరి, ఇంటర్నల్ సబ్‌ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, సరిగ్గా అయితే రిలీజ్, ఎర్రర్ అయితే రోల్‌బ్యాక్, రెండు దారుల్లోనూ మెమరీ కాంటెక్స్ట్‌నీ రిసోర్స్ ఓనర్‌నీ పాతవాటికి తిప్పాలి. ఉత్తగా ఎర్రర్‌ని ఫ్లష్ చేసి (చెరిపేసి) వదిలేస్తే లాకులు, పిన్నులు సగంసగం పట్టుకుని నడుస్తుంటుంది. ఎలా రాయాలో పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ సొంత ప్రోసీజర్ భాష) సోర్స్‌లో ఎక్సెప్షన్ బ్లాక్ నడిపే కోడ్ చదవండి, నేను అక్కడ చూసే నేర్చుకున్నాను.

టెస్ట్ ఎలా అంటే, ఒకే సెషన్‌లో సగం రోల దగ్గర సున్నాతో భాగహారం వచ్చేలా క్వెరీ రాసి వెయ్యిసార్లు తిప్పండి, మళ్ళీ అదే స్టేట్‌మెంట్_టైమవుట్ చిన్నది పెట్టి తిప్పండి, ముందూ వెనకా పీజీ_బ్యాకెండ్_మెమరీ_కాంటెక్స్ట్స్ వ్యూ చూడండి, అది 14 నుంచి ఉంది. ఆ బ్యాకెండ్ పీఐడీకి ఎల్‌ఎస్‌ఓఎఫ్ (తెరిచి ఉన్న ఫైళ్ళు, సాకెట్లు చూపే కమాండ్) కొట్టి సాకెట్లు కూడా లెక్కపెట్టండి, నాది దొరికింది అక్కడే, మెమరీ వ్యూలో ఏమీ కనబడలేదు.