కత్తి బాగానే వచ్చింది, పేరే కుదరడం లేదా?

బెంగళూరులో కె.ఆర్. పురం దాటాక హోస్కోటె వైపు ఒక రేకుల షెడ్డులో నేనూ మా బావా కలిసి నెలకి నాలుగైదు కత్తులు చేస్తాం. ఇద్దరివీ ఆఫీసు ఉద్యోగాలే, గ్రైండర్ తిరిగేది శని, ఆదివారాలు. పాత లారీ కమాన్ కట్టల స్టీలు, జీ-టెన్ (గాజునార, రెసిన్ కలిపి చేసిన గట్టి పలక) పిడి, కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ ఒర, ట్యాంగ్ (పిడిలోకి వెళ్లే బ్లేడు తోక) పిడి చివరిదాకా ఒకే ముక్కగా వచ్చే గట్టి కత్తులు, జనం టాక్టికల్ నైఫ్ అనేవి. హీట్ ట్రీట్‌మెంట్‌లో (స్టీలుని కాల్చి, చల్లార్చి గట్టిపరచడంలో) ఎక్కడ తప్పిందో మాకు రెండు నెలల్లో అర్థమైంది గానీ పేర్లలో ఎక్కడ తప్పుతున్నామో తెలియడానికి రెండేళ్లు పట్టింది. మీరూ అదే గోతిలో ఉంటే కింద మీ లక్షణం ఏదో చూసుకోండి.

పేరు వినగానే కొనడానికి వచ్చినవాళ్లు నవ్వుతున్నారు

కత్తి చిన్నది, పేరు పెద్దది, అంతే. మా రెండో కత్తి బ్లేడు మూడున్నర అంగుళాలు. దానికి మేం పెట్టిన పేరు ప్రళయరుద్ర. ఒక పెద్దాయన చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి "ప్రళయం సంగతి తెలీదు బాబూ, జామకాయ కోయడానికి మాత్రం బాగుంటుంది" అన్నాడు. పైగా ఇది బెంగళూరు, ఇక్కడ రుద్ర అంటే విమానాలు తయారుచేసే హెచ్.ఏ.ఎల్. వాళ్ల హెలికాప్టర్. అగ్ని, త్రిశూల్, నాగ్ లాంటివి ఎప్పుడో క్షిపణులకి వెళ్లిపోయాయి. దేవుడి పేర్లతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆయుధపూజ నాడు బొట్టు పెట్టడానికి బాగానే ఉంటుంది, కానీ ఆ పేరు చెక్కిన కత్తితో కోడిమాంసం కోయడానికి చాలామందికి చెయ్యి రాదు, తీసుకెళ్లి బీరువాలో పెడతారు, వాడని కత్తి గురించి నలుగురికీ చెప్పేదెవరు?

సరిచేసేది ఎలాగంటే, పేరు సైజుని బ్లేడు సైజుకి దించండి. చిన్నదానికి కందిరీగ, కొండి, ములుకు లాంటివి చాలు. ఆ ప్రళయరుద్ర ఇప్పుడు కందిరీగ పేరుతో అమ్ముడుపోతోంది, డిజైన్‌లో గీత కూడా మార్చలేదు.

లిస్టింగ్ తీసేశారు, లేదా పార్సిల్ చూసి ఇంట్లోవాళ్లు హడలిపోయారు

పేరులో రక్తమో చావో ఉండి ఉంటుంది. మేం ఒకదానికి రక్తపింజర అని పెట్టాం, పాము పేరే కదా అనుకున్నాం. ఇంగ్లిష్ వివరణలో బ్లడ్ అన్న మాట పడేసరికి ఒక ఆన్‌లైన్ సైటు మా పేజీ తీసేసింది, ఎందుకో చెప్పను కూడా లేదు. కొన్న కుర్రాడి వాళ్లమ్మ డబ్బా మీద పేరు చదివి "ఏంరా, రౌడీల్లో చేరావా?" అని ఏడ్చిందట.

ఇక్కడ చట్టం కూడా గుర్తుంచుకోవాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవైనా, 2 అంగుళాల కన్నా వెడల్పైనా లైసెన్సు జాబితాలోకి వస్తుంది, ఇంటి పనికీ వ్యవసాయానికీ శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకీ తయారైనవి తప్ప. పేరు మార్చినంత మాత్రాన కొలత మారదు, అది వేరే సంగతి. కానీ మీరు క్యాంపింగ్ పనికని చేసిన కత్తికి మీరే నరహంతక అని పేరు పెట్టుకుని, రేపు ఎవరైనా అడిగితే ఇది కట్టెలు చీల్చడానికండీ అంటే ఎవరు నమ్ముతారు? బాకు, పిడిబాకు అన్న మాటలు కూడా నేను వాడను, ఆ జాబితాలో డాగర్ అన్నది పేరుతో సహా ఉంది.

పక్క భాషవాళ్లకి ఇంకేదో వినిపిస్తోంది

వంపు తిరిగి చివర వేలు దూర్చే రింగు ఉండే కరంబిట్ ఒకటి చేశాం. ఆకారం అచ్చం పులిగోరే, అందుకని గోరు అన్నాం. మాకైతే తెగ నచ్చింది. కలకత్తా నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు చూసి "దీన్ని ఆవు అంటున్నారేంటి?" అన్నాడు. బెంగాలీలో గోరు అంటే ఆవు! కోసే కత్తికి ఆవు పేరు.

ఈ ఊళ్లో ఏ అపార్ట్‌మెంట్ లిఫ్టులోనైనా నాలుగు భాషలు వినిపిస్తాయి కాబట్టి పేరు ఖాయం చేసే ముందు కన్నడ, తమిళం, హిందీ, బెంగాలీ వచ్చినవాళ్లకి ఒక్కొక్కరికి వినిపించండి, అర్థం చెప్పకుండా. ముల్లు అన్నది మాకు అలా దొరికింది, కన్నడిగులకి ముళ్ళు, తమిళులకి ముళ్, ఎవరికీ వివరించక్కర్లేదు. కోర అనుకున్నాం ఒకసారి, వెతికితే నేపాల్‌లో కోరా అని తరతరాలుగా ఒక వంపు కత్తి ఉందని తేలింది, వదిలేశాం.

వెతికితే మీ కత్తి తప్ప అన్నీ వస్తున్నాయి

వైపర్, రాప్టర్, ఘోస్ట్, షాడో. ఈ నాలుగింట్లో ఏదో ఒకటి పెట్టుంటారు. మార్చండి. బౌవీ, టాంటో, కుక్రీ లాంటివి కత్తి రకాల పేర్లు, బ్లాక్ టాంటో అంటే అది పేరు కాదు, వర్ణన. అలాంటి వర్ణనకి ట్రేడ్‌మార్క్ రావడం కష్టం. ట్రేడ్‌మార్క్‌లో సరుకులని క్లాసులుగా విడగొడతారు, కత్తులు 8వ క్లాసులో ఉంటాయి. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉచితంగా వెతకొచ్చు, స్పెల్లింగ్‌తో ఒకసారి, ఫొనెటిక్ అన్నది పెట్టి ఇంకోసారి వెతకండి, ఒకేలా పలికేవి కూడా బయటపడతాయి. కర్ణాటక వాళ్లకి ఆఫీసు చెన్నై. ఒక్కరే చేసుకుంటే ఆన్‌లైన్ ఫీజు ఒక క్లాసుకి 4,500 రూపాయలు. నెలకి నాలుగు కత్తులు చేసే మాలాంటి వాళ్లు ప్రతి మోడల్‌కీ కట్టక్కర్లేదు, షాపు పేరుకి కట్టుకుంటే చాలని నా లెక్క.

మీరు పెట్టిన పేరుతో ఎవరూ పిలవడం లేదు

ఇది జబ్బు అనుకుని నాలుగు నెలలు బాధపడ్డాం, నిజానికి ఇదే మందు.

నాలుగున్నర అంగుళాల కత్తి ఒకటి, పిడి మీద గళ్లు గళ్లుగా గరుకు చెక్కాం, పేరు స్ట్రైకర్ ఎక్స్. ఆ ఎక్స్ ఎందుకో ఇప్పుడు అడిగితే మా దగ్గర జవాబు లేదు. దాన్ని ఒకబ్బాయి వానాకాలంలో కుమారపర్వతం ట్రెక్కింగ్‌కి పట్టుకెళ్లి, తిరిగొచ్చి ఒకటే మాట అన్నాడు: "చెయ్యి తడిసి ముద్దయినా జారలేదన్నా, ఉడుంపట్టు." ఆ తర్వాత వచ్చిన ఫోన్లన్నీ ఇలాగే. "ఆ ఉడుము కత్తి ఉందటగా, ఒకటి కావాలి." బావ మాత్రం ప్రతిసారీ ఓపిగ్గా "అది స్ట్రైకర్ ఎక్స్ అండీ" అని దిద్దేవాడు. చివరికి నేనే "బావా, ఊరంతా ఒక పేరుతో పిలుస్తుంటే మనమెవరం కాదనడానికి?" అన్నాను. కన్నడంలో ఉడుముని ఉడ అంటారు, ఇక్కడివాళ్లకీ ఇట్టే పట్టుబడింది. (ఉడుము పేరు పెట్టాం కదా అని పిడికి ఉడుము తోలు చుట్టమని ఇద్దరు అడిగారు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది జైలు వ్యవహారం, ఆ మాటే ఎత్తొద్దు.)

అమెరికాలో కా-బార్ అనే కత్తి పేరు వెనక కంపెనీ చెప్పుకునే కథ కూడా ఇలాంటిదే. ఎలుగుబంటిని ఈ కత్తితో చంపానని ఒక వేటగాడు రాసిన ఉత్తరంలో అక్షరాలు చెదిరిపోయి 'కిల్ ఎ బేర్' అన్న చోట కా బార్ అన్నట్టు కనబడిందట, దాన్నే పేరుగా తీసుకున్నారు. కథ ఎంత నిజమో గానీ, తర్వాత ఆ కంపెనీయే తన పేరు కా-బార్‌గా మార్చుకుంది.

ఇప్పుడు మేం చేసేది ఇది. కొత్త కత్తికి పేరు పెట్టం, నంబరు మాత్రం వేసి ముగ్గురికి పదిహేను రోజులు ఇస్తాం: ఒకరు కొండలెక్కేవాళ్లు, ఒకరు వంటవాళ్లు, ఒకరు అట్టపెట్టెలు కోయడం తప్ప ఇంకేం చేయనివాళ్లు. పేరేం పెడదాం అని అడిగితే మాత్రం పాడవుతుంది, వెంటనే వాళ్లూ వైపర్ అంటారు. ఎలా ఉందో అడగండి చాలు. వాళ్లు వాడే మాటలు, ముఖ్యంగా దేనితో పోలుస్తున్నారో రాసుకోండి. మా ఆవిడైతే "పిల్లకి రెండు రోజుల్లో పేరు పెట్టావు, ఇనుప ముక్కకి నెలా?" అంటుంది. పిల్ల పేరు మా అమ్మది, వెతుక్కోవలసిన పని లేదు కదా.

ఫోన్లో రెండోసారి చెప్పాల్సి వస్తోంది, చెక్కితే మసకగా వస్తోంది

రెండింటికీ కారణం ఒకటే, వత్తులున్న బరువైన అక్షరాలు. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో బండి మీదున్నవాడికి ఫోన్ చేసి పేరు ఒక్కసారి చెప్పండి, తిరిగి అప్పజెప్పలేకపోతే మార్చండి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, తెలుగు రానివాడితో చదివించండి కూడా, వాడి అని రాస్తే హిందీవాళ్లు లోయ అనుకుంటారు. ఇక చెక్కడం: పిడికీ పదునుకీ మధ్య చదునుగా ఉండే రికాసో మీద తెలుగు అక్షరం ఎత్తు నాలుగైదు మిల్లీమీటర్లకి మించదు. ఉప్పునీళ్లు, 9 వోల్టుల బ్యాటరీతో ఎచింగ్ (కరెంటుతో స్టీలు మీద అక్షరం తినిపించడం) చేస్తే ఖడ్గలో వత్తు కింద ముద్దయిపోతుంది, ఉడుము మాత్రం గీత గీతా కనిపిస్తుంది. వత్తులున్న పేరే కావాలంటే పీణ్య పారిశ్రామికవాడలో లేజర్ మార్కింగ్‌కి ఇవ్వండి. సుత్తి, పంచ్‌తో కొట్టేటట్టయితే హీట్ ట్రీట్‌మెంట్‌కి ముందే కొట్టేయండి, తర్వాత ఆ స్టీలు మీద పంచ్ దిగదు.