జ్వరం ముందు ‘ఫ్రమ్’, రెండు రోజుల ముందు ‘ఫర్’

విశాఖపట్నం అక్కయ్యపాలెంలో మా ఇంటి ముందు గదిలో రోజూ సాయంత్రం ఇంగ్లీష్ చెబుతాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది డిగ్రీ అయిపోయి ఉద్యోగాలకు తిరుగుతున్న పిల్లలే. మొదటి రోజు అందరిచేతా ఒక లీవ్ లెటర్ రాయిస్తాను. దాదాపు అందరి కాగితాల్లోనూ ఈ వాక్యం ఉంటుంది: ‘ఐ యామ్ సఫరింగ్ విత్ ఫీవర్ ఫ్రమ్ టూ డేస్.’

పెద్ద మాటలకు వంక పెట్టడానికి లేదు, స్పెల్లింగులూ సరే. దెబ్బ తిన్నది చిన్న మాటల దగ్గర. జ్వరం‘తో’ బాధపడుతున్నాం కదా అని ‘విత్’ పెట్టారు. రెండు రోజుల ‘నుంచి’ కదా అని ‘ఫ్రమ్’ పెట్టారు. ఇంగ్లీష్‌లో ‘సఫర్’ అనే మాటకి జోడీ ‘ఫ్రమ్’. ఎన్నాళ్లుగా అని చెప్పడానికి ‘ఫర్’. బాధ ఇంకా తగ్గలేదు కాబట్టి ‘ఐ హావ్ బీన్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఫర్ టూ డేస్.’ పిల్లలు రాసిన ‘ఫ్రమ్’ వాక్యంలో ఉండాల్సిందే, కాకపోతే జ్వరం పక్కకి జరగాలి.

అందుకే నేను మొదట చెప్పే మాట: తెలుగు విభక్తికి ఇంగ్లీష్ మాట వెతక్కండి. పెద్ద మాటని దాని జోడీతో కలిపే నేర్చుకోండి. నోట్‌బుక్‌లో ‘డిపెండ్’ అని ఒక్కటే రాయకుండా ‘డిపెండ్ ఆన్’ అని రాసుకోవాలి. ‘గుడ్ ఎట్’, ‘అఫ్రెయిడ్ ఆఫ్’, ‘మ్యారీడ్ టు’ కూడా అంతే. మనం ఫలానా ఆయన‘తో’ పెళ్లయింది అంటాం, వాళ్లు ‘టు’ అంటారు. జోడీ అసలే అక్కర్లేని మాటలూ ఉన్నాయి. ‘గురించి’ నాలుక మీద ఉంటుంది కాబట్టి ‘డిస్కస్ అబౌట్ ద సాలరీ’ అనేస్తాం, ‘డిస్కస్ ద సాలరీ’ చాలు. మా ఊరి బస్టాండు కాంప్లెక్స్‌కి చేరగానే ‘ఐ రీచ్డ్ టు కాంప్లెక్స్’ అని మెసేజ్ పెడతారు, అక్కడా ‘టు’ తీసేసి ‘రీచ్డ్ ద కాంప్లెక్స్’ అనాలి.

‘నుంచి’ దగ్గర ఇంకాస్త ఆగాలి. మూడేళ్ల నుంచి, సోమవారం నుంచి: మనకి రెండూ ఒకటే. వేళ్ల మీద లెక్కపెట్టేది అయితే ‘ఫర్ త్రీ ఇయర్స్’. క్యాలెండర్ మీద వేలు పెట్టి చూపించగలిగేది అయితే ‘సిన్స్ మండే’, ‘సిన్స్ 2022’.

‘ఇన్’, ‘ఆన్’, ‘ఎట్’ మూడింటికీ మన ఊరే పాఠం. ‘ఇన్ విశాఖపట్నం’, ‘ఆన్ బీచ్ రోడ్’, ‘ఎట్ ద సబ్‌మెరీన్ మ్యూజియం’. చుట్టూ ఉన్న ఊరు, పొడుగాటి దారి, వేలితో చూపించే ఒక చోటు. ‘ఇన్ గాజువాక’ ఉంటారు, ‘ఎట్ గాజువాక జంక్షన్’ బస్సు కోసం నిలబడతారు. కాలానికీ ఇలాగే పెద్దదాని నుంచి చిన్నదానికి రండి. హుద్‌హుద్ తుఫాను వచ్చింది ‘ఇన్ 2014’, ‘ఇన్ అక్టోబర్’, ‘ఆన్ 12 అక్టోబర్’, ‘ఆన్ ఎ సండే’. గంట చెప్పాలంటే ‘ఎట్’. ‘ఎట్ నైట్’ లాంటివి కొన్ని ఈ వరసకి లొంగవు, అలాగే గుర్తుపెట్టుకోవాలి. ఇక లోపల కూర్చుని వెళ్లే బండ్లకు నేను చెప్పే గుర్తు ఒకటే: లేచి నడవగలిగితే ‘ఆన్’, లేకపోతే ‘ఇన్’. ‘ఆన్ ద బస్’, ‘ఆన్ ద ట్రైన్’, కానీ ‘ఇన్ ఎన్ ఆటో’, ‘ఇన్ ఎ కార్’.

చిన్న మాటే కదా అని నేనూ ఒకప్పుడు తేలిగ్గా తీసుకున్నాను. పెళ్లికి ముందు పోర్టు దగ్గర సరుకు క్లియరెన్స్ చూసే ఆఫీసులో పని చేశాను. రెండు రోజుల్లోపు కాగితాలు పంపమని పార్టీకి రాయమన్నారు. నేను ‘ఇన్ టూ డేస్’ అని రాశాను. ఆయన దాన్ని రెండు రోజులు పోయాక అని అర్థం చేసుకుని మూడో రోజు పంపారు. గోడౌన్‌కి ఒక రోజు అద్దె అదనంగా పడింది. ‘లోపు’ అని చెప్పాలంటే ‘వితిన్ టూ డేస్’. వారం పేరు చెబితే ‘బై ఫ్రైడే’. ‘టిల్ ఫ్రైడే’ అంటే శుక్రవారం దాకా సాగే పని.

హీ, షీల తికమకకి మూలం మన మర్యాదలో ఉంది. ‘మేనేజర్ గారు వచ్చారు’ అంటే ఆడా మగా తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆ అలవాటు మీదే లేడీ మేనేజర్‌ని ‘హీ’ అనేస్తారు, లేదా గౌరవం పోతుందని భయపడి ‘సర్ హావ్ కమ్’ అంటారు. ‘గారు’ గౌరవం ఇంగ్లీష్ క్రియలోకి రాదు, ‘సర్ హాజ్ కమ్’ అంటే మర్యాద తక్కువేం కాదు. నోరు తెరిచే ముందు ఆ మనిషి ముఖం ఒక్క క్షణం తలుచుకోమంటాను. వారం రోజులు అలా చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఇంకొకటి. ‘చెప్పాను, వినలేదు’ అంటే మనకి వాక్యం పూర్తయినట్టే, ఎవరు చెప్పారో క్రియే చెబుతుంది. ఇంగ్లీష్‌లో ‘ఐ టోల్డ్ హిమ్, బట్ హీ డిడ్ నాట్ లిసన్’ అని మనుషులందరినీ పేరుపేరునా నిలబెట్టాలి. వాన పడుతోంది అన్నా ఖాళీ కుర్చీలో ‘ఇట్’ కూర్చోవాలి: ‘ఇట్ ఈజ్ రెయినింగ్.’ మనం, మేము రెండూ ‘వుయ్’లోనే కలిసిపోతాయి. అందుకని డబ్బు విషయం రాసేటప్పుడు ‘వుయ్’ మీద వదిలేయకుండా ‘యు అండ్ ఐ’ అనో, ‘అవర్ ఆఫీస్’ అనో విప్పి రాయండి. ఇంటర్వ్యూలో ‘మైసెల్ఫ్ ఫలానా’ వద్దు, ‘ఐ యామ్’ అనండి.

ఆర్టికల్స్‌కి ఒక్క పరీక్ష చాలు. వినేవాళ్లు ‘ఏ బస్సు?’ అని అడిగేలా ఉంటే ‘ఎ బస్’, వాళ్లకి అప్పటికే తెలిసిందైతే ‘ద బస్’. ‘ఎ’ బదులు ‘ఎన్’ వచ్చేది తర్వాతి మాట మొదటి అక్షరాన్ని బట్టి కాదు, చెవికి వినిపించే శబ్దాన్ని బట్టి: ‘ఎన్ అవర్’, ‘ఎ యూనివర్సిటీ’.

పదిహేను రోజులయ్యాక అదే లీవ్ లెటర్ మళ్లీ రాయిస్తాను. ఈసారి పెన్సిల్‌తో చిన్న మాటలకి సున్నా చుట్టి, ఒక్కో సున్నా నుంచి దాని జోడీ మాటకి బాణం గీయాలి. బాణం ఎటు పోవాలో తెలియని చోట డిక్షనరీ తీయమంటాను. అప్పుడు చూడాల్సింది పెద్ద మాట దగ్గర. ‘సఫర్’ తెరిస్తే దాని కింద ఉదాహరణల్లోనే ‘ఫ్రమ్’ కనిపిస్తుంది.